చిన్న మెదడులో కోత పని: ఒక జైమోగ్రఫీ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ప్రాజెక్టుకు అనుమతులు వచ్చాయి. ఈ డైరీ ఇవాళ్టి నుంచి మొదలు. జైమోగ్రఫీ అంటే ఎంజైము చేసే కోతను కంటికి కనిపించేలా చేసే పద్ధతి.

మేము పట్టుకున్న ఎంజైము ఎంఎంపీ-9. పూర్తి పేరు మ్యాట్రిక్స్ మెటలోప్రోటియేజ్-9. ప్రోటీన్లను కత్తిరించే ఎంజైములకు మన శరీరంలో అయిదు వందలకు పైగా జన్యువులున్నాయి. వాటిలో ఎంఎంపీ కుటుంబానివి 23. ఎక్కువ భాగం కణం బయటే పనిచేస్తాయి. కణాలను పట్టి ఉంచే మాతృకను, కణాల పైపొరమీద నిలబడి ఉన్న ప్రోటీన్లను కోస్తాయి. తోకకప్ప కప్పగా మారేటప్పుడు ఆ తోక ఎలా మాయమవుతుందో వెతుకుతూ 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లపియేర్ ఈ కుటుంబంలో మొదటి ఎంజైమును గుర్తించారు. ఎదుగుదలలో భాగంగా ఒక అవయవాన్ని కరిగించే పని అది. కోత అంటే నాశనం అనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పే ఉదాహరణ ఇదే.

మెదడు సంగతికి వస్తే, చిట్టెలుక పుట్టేనాటికి దాని చిన్న మెదడు (తల వెనుక భాగంలో ఉండే సెరిబెల్లం) ఇంకా సగం కట్టిన ఇల్లే. గ్రాన్యూల్ కణాలనే చిన్న నాడీకణాలు అన్నిటికన్నా పై పొరలో పుడతాయి. తర్వాత బెర్గ్‌మన్ గ్లియా అనే ఆసరా కణాల పోగుల వెంట లోపలికి దిగి, తమ చోటికి చేరతాయి. ఈ వలస పుట్టిన మొదటి మూడు వారాల్లో ముగుస్తుంది. ఎంఎంపీ-9 జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో ఈ దిగుడు ఆలస్యమవుతుందని, పన్నెండో రోజుకు పలచబడాల్సిన పై పొరలో కణాలు అలాగే మిగిలిపోతాయని 2003లోనే చూపించారు. అంటే కోసేవాడు లేకపోతే దారి లేదు.

అదే ఎంజైము పెద్దవాళ్ల మెదడులో పక్షవాతం వచ్చిన గంటల్లో రక్తనాళాల గోడను బలహీనపరుస్తుంది, వాపు తెస్తుంది. మూర్ఛలోనూ దీని పాత్ర తేలింది. వార్సాలోని నెన్‌స్కీ సంస్థ పరిశోధకులు 2008లో చూపించిన దాని ప్రకారం ఎంఎంపీ-9 లేని చిట్టెలుకలకు మూర్ఛ తెప్పించడం కష్టం, ఇది ఎక్కువగా తయారయ్యే ఎలుకలకు తేలిక.

నన్ను ఈ పనిలోకి లాగింది ఈ రెండు ముఖాలే. పొలం గట్టుకు గండి కొట్టడం లాంటిది ఈ కోత. నాట్ల వేళ అదే గండి పైరుకు ప్రాణం, కోతకొచ్చిన చేను మీదికి అదే ముంపు. కాబట్టి మా ప్రశ్న ఎంఎంపీ-9 మంచిదా చెడ్డదా అన్నది కాదు. పుట్టిన ఏ రోజున, చిన్న మెదడులో ఏ పొరలో ఇది నిజంగా కోస్తోంది అన్నది.

జూన్, మూడో వారం

కణజాలం సేకరించాం. పుట్టిన రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు, పూర్తిగా ఎదిగినవి. ప్రతి దశకూ ఎన్ని పిల్లలు కావాలో జంతు నైతిక సంఘానికి ముందే లెక్క చెప్పి ఒప్పించాం. అంతకు మించి ఒక్కటీ తీసుకోం. ఒకే పిల్ల నుంచి చిన్న మెదడు, జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం రెండూ దాచుకుంటున్నాం. ప్రాణం తీసుకున్నప్పుడు దాని నుంచి తెలుసుకోగలిగినదంతా తెలుసుకోవాలి.

ఇక్కడ ఒక మెలకువ రాసి పెట్టుకోవాలి. మెదడు తీసే ముందు గుండె గుండా చల్లని ఉప్పునీరు పంపి రక్తమంతా కడిగేయాలి. రక్తంలోని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ఎంఎంపీ-9ని సంచుల్లో నింపుకుని తిరుగుతాయి. కాస్త రక్తం మిగిలినా జెల్ (ప్రోటీన్లను బరువు వారీగా వేరుచేసే జిగురు పలక) మీద గొప్ప బ్యాండు, అంటే గీత, వస్తుంది, అది మెదడుది అనుకుని మురిసిపోతాం. ఏడు రోజుల పిల్ల గుండె బఠానీ గింజంత కూడా ఉండదు. సన్నని సూదితో, చెయ్యి వణకకుండా చేయాలి. కాలేయం ఎరుపు వదిలి పాలిపోయేదాకా ఆపకూడదు.

కణజాలం నూరేటప్పుడు మరో జాగ్రత్త. మామూలుగా ప్రోటీన్ పనికి వాడే నిరోధక మాత్రల్లో ఈడీటీఏ ఉంటుంది. ఎంఎంపీలకు మధ్యలో జింకు, ఆసరాగా కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ లోహాలను లాగేసుకుంటుంది. అందుకని ఈడీటీఏ లేని రకం తెప్పించాం.

జూలై

జెల్ పని మొదలైంది. ఈ పద్ధతి పేరు జెలటిన్ జైమోగ్రఫీ. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ విద్యార్థి నా పక్కనే నిలబడి నేర్చుకుంటున్నాడు. అతని కోసం కూడా వివరంగా రాస్తున్నాను.

మామూలు ప్రోటీన్ జెల్‌లోనే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము జెలటిన్ కలిపి పోస్తాం. జెలటిన్ అంటే ఈ ఎంజైముకు తిండి. శాంపిళ్లను ఎస్డీఎస్ అనే సబ్బులాంటి పదార్థంతో కలుపుతాం కానీ ప్రోటీన్ మడతలోని బంధాలను తెంచే మెర్కాప్టోఇథనాల్ వేయం, మరిగించం.

"అక్కా, అన్ని జెల్‌లకూ శాంపిల్ మరిగిస్తాం కదా, దీనికెందుకు వద్దు?" అని అడిగాడు.

"ఇక్కడ ప్రోటీన్ ఉందో లేదో కాదు, దాని చేత పని చేయించి చూడాలి. మరిగిస్తే మళ్లీ మడత పడదు" అన్నాను.

జెల్ నడిచాక ట్రైటాన్ అనే మెత్తని సబ్బు కలిపిన నీళ్లలో రెండుసార్లు, అరగంట చొప్పున నెమ్మదిగా ఊపుతూ కడగాలి. ఎస్డీఎస్ బయటికి పోతుంది, ఎంజైము ఉన్న చోటే మళ్లీ మడత పడుతుంది. తర్వాత ట్రిస్, కాల్షియం క్లోరైడ్, ఒక చిటికెడు జింకు క్లోరైడ్ ఉన్న బఫర్‌లో 37 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచుతాం. ఆ రాత్రి ఎంజైము తన చుట్టూ ఉన్న జెలటిన్‌ను కోసుకుంటూ ఉంటుంది. పొద్దున ప్రోటీన్‌కు పట్టే కూమాసీ నీలం రంగు పోస్తే జెల్ మొత్తం సిరాలో ముంచినట్టు అవుతుంది. ఎక్కడా ఏమీ కనిపించదు. రంగు విడిపించే ద్రావణం పోసి ఊపుతూ కూర్చోవాలి. కాసేపటికి నీలంలో ముందు ఒక చోట పలచన. ఆ తర్వాత అంచులు తేరి, అడ్డంగా సన్నటి తెల్లని గీత. జెలటిన్ మిగలని చోటు అది. మిగతా జెల్‌లలో రంగు పట్టిన చోట ప్రోటీన్ ఉంటుంది, ఇందులో రంగు పట్టని చోటును చదవాలి.

మొదటి జెల్‌లలో ఎంఎంపీ-2 బ్యాండు 72 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) దగ్గర చక్కగా వచ్చింది, అన్ని వయసుల్లోనూ. ఎంఎంపీ-9 మాత్రం కనిపించలేదు. పక్కన పెట్టిన మనిషి ఎంఎంపీ-9 నమూనా 92 దగ్గర వెలుగుతోంది కాబట్టి పద్ధతిలో లోపం లేదు. మెదడులో అది ఉండేదే బహు తక్కువ.

ఆగస్టు

దారి దొరికింది. ఎంఎంపీ-2కూ ఎంఎంపీ-9కూ కోత భాగంలోనే ఫైబ్రోనెక్టిన్‌ను పోలిన మూడు ముడతలుంటాయి. వాటితో అవి జెలటిన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఆ గుణాన్నే వాడుకుని, జెలటిన్ అంటించిన సెఫరోజ్ పూసలతో మెదడు సారాన్ని చల్లగా తిప్పుతున్నాం. కావలసినవి పూసలకు అంటుకుంటాయి, మిగతావి కడిగితే పోతాయి. చివర డీఎంఎస్‌వో అనే ద్రావకం కలిపిన బఫర్‌తో విడిపించుకుంటాం. తొంభైల చివర నుంచీ మెదడు మీద పనిచేసేవాళ్లు వాడుతున్న పద్ధతే ఇది. ఖర్చు ఎక్కువ, ఓపికా కావాలి. అయినా ఇది లేనిదే మెదడులో ఎంఎంపీ-9 మాట ఎత్తకూడదని నా గట్టి అభిప్రాయం.

పూసల తర్వాత జెల్ మాటే మారిపోయింది. మనిషి నమూనాకు కొంచెం పైన, 105 దగ్గర గీత వచ్చింది. ఇది చూసి కుర్రవాడు కంగారుపడ్డాడు. కంగారేమీ లేదు, చిట్టెలుక ఎంఎంపీ-9 మనిషిదానికన్నా పెద్దది, దాని నిద్రాణ రూపం బరువు అంతే. దాని కింద 95 ప్రాంతంలో మరో సన్నని గీత, అది ముందరి తునక ఊడిపోయి పనికి సిద్ధమైన రూపం.

వయసుల వారీగా చూస్తే ఏడో రోజు గీత అన్నిటికన్నా వెడల్పు. పద్నాలుగో రోజుకు తగ్గింది. ఇరవై ఒకటికి పోల్చుకోవడం కష్టమైంది. ఎదిగిన చిట్టెలుకలో నీడ మాత్రమే. ఎంఎంపీ-2 కూడా తగ్గింది కానీ ఇంత దిగజారలేదు. హిప్పోక్యాంపస్‌లోనూ తీరు ఇదే. పుట్టిన తొలి వారాల్లో ఎక్కువగా ఉండి తర్వాత పడిపోతుందని ఎలుకల హిప్పోక్యాంపస్ మీద ఇదివరకే వచ్చిన ఫలితాలతో మాది సరిపోయింది.

సెప్టెంబరు, మొదటి వారం

జెల్‌లన్నీ బల్లమీద పరిచి, మా పనిని నడిపించే మేడమ్‌కు చూపించాను. చాలాసేపు చూసి ఒకే ప్రశ్న వేశారు.

"ఏడో రోజున ఎంఎంపీ-9 ఎక్కువ ఉందని ఇది చెబుతోంది. ఏడో రోజున అది కోస్తోందని ఎక్కడ చెబుతోందమ్మా?"

ఈ ప్రశ్న దగ్గరే ప్రాజెక్టు అసలు మలుపు తిరిగింది. కొంచెం విడమరిచి రాస్తాను.

ఎంఎంపీ పుట్టేటప్పుడు నోటికి తాళంతోనే పుడుతుంది. దాని ముందరి తునకలోని సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లం, కోత చోటులో ఉన్న జింకును పట్టుకుని కూర్చుంటుంది. ఆ పట్టు విడిపోతేనే పని. దీన్ని 1990లో వాన్ వార్ట్, బిర్కెడాల్-హాన్సెన్ సిస్టీన్ స్విచ్ అన్నారు. మెదడులో ఆ తాళం తీసేది ప్లాస్మిన్ వంటి మరో కోత ఎంజైము. మా జెల్‌లోనేమో ఎస్డీఎస్ ఆ పట్టును వదిలించేస్తుంది. అందుకే 105 దగ్గరున్న నిద్రాణ రూపం కూడా జెలటిన్‌ను కోసి గీత చూపిస్తుంది. మెదడులో అది నిద్రపోతూ ఉండి ఉండవచ్చు.

ఇంకొకటి, టింప్‌లు. ఇవి ఎంఎంపీలను అణచి ఉంచే ప్రోటీన్లు, మొత్తం నాలుగు. టింప్-1 ఎంఎంపీ-9కి అంటుకుని ఉంటుంది. ఎస్డీఎస్ ఆ జంటనూ విడదీస్తుంది. మెదడులో కట్టేసి ఉన్న ఎంజైము మా జెల్‌లోకి వచ్చేసరికి స్వేచ్ఛగా కోస్తుంది.

అంటే జైమోగ్రఫీ చెప్పేది ఎంతమంది పనివాళ్లున్నారన్నదే. వాళ్లలో ఆ పూట ఎవరు పనిలోకి దిగారన్నది చెప్పదు. జబ్బుల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఎంఎంపీ-9 పెరిగింది అన్న ఒక్క కొలత చూసి, దాన్ని ఆపేస్తే జబ్బు తగ్గుతుందని తేల్చేయడం సరికాదు.

సెప్టెంబరు, చివరి వారం

నిరోధకాలతో జెల్‌లు నడిపాం. ఒకే శాంపిల్‌ను నాలుగు ముక్కల్లో నడిపి, రాత్రి బఫర్‌లో ఒక ముక్కకు ఏమీ కలపకుండా, ఒకదానికి ఈడీటీఏ, ఒకదానికి లోహాన్ని పట్టేసే ఫినాంథ్రొలిన్, ఒకదానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపాం. మొదటి రెండు నిరోధకాల ముక్కలు పొద్దునకు పూర్తిగా నీలం, ఒక్క గీత లేదు. కోత లోహం మీద ఆధారపడిందని రుజువైంది. డాక్సీసైక్లిన్ ముక్కలో గీతలు మసకబారాయి. అయితే అందుకు కావలసిన మోతాదు, మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

డాక్సీసైక్లిన్ గురించి తెలుగువాళ్లు తెలుసుకోవలసిన ముచ్చట ఒకటుంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టింది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆ ఏడే కన్నుమూశారు. ఆ తర్వాతి కాలంలో అదే లెడర్లేలో మినోసైక్లిన్ తయారైంది. 1983లో లోర్న్ గోలబ్ బృందం, మధుమేహం ఉన్న ఎలుకల చిగుళ్లలో మినోసైక్లిన్ కొల్లాజెన్ కోతను తగ్గిస్తోందని గమనించింది. సూక్ష్మజీవులను చంపే గుణానికీ దీనికీ సంబంధం లేదు. ఆ దారిలోనే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ 1998లో అమెరికాలో చిగుళ్ల జబ్బుకు మందుగా అనుమతి పొందింది.

అక్కడి నుంచి మెదడుకు. ఫ్రాజైల్ ఎక్స్ అనేది వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యాలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది. ఎఫ్ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క రెండు వందలకు మించి పునరావృతమై, ఆ జన్యువు మూగబోతుంది. దాని ప్రోటీన్ ఉన్నప్పుడు, నాడీ సంధుల దగ్గర ఎంఎంపీ-9 తయారీకి పగ్గం వేసి ఉంచుతుంది. అది లేకపోతే పగ్గం లేదు. నాడీకణాల కొమ్మల (డెండ్రైట్ల) మీది ముళ్లు సన్నగా, పొడుగ్గా, పసితనంలోనే ఆగిపోతాయి. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లోని ఇరీనా ఎథెల్ బృందం, ఈ జన్యువు లేని చిట్టెలుక పిల్లలకు మినోసైక్లిన్ ఇస్తే ముళ్లు ముదిరాయని చూపించింది. 2014లో మందు లేకుండానే, ఎంఎంపీ-9 జన్యువును కూడా తీసేస్తే ఆ లోపాలు చాలావరకు సర్దుకున్నాయని తేలింది. నా దృష్టిలో ఈ రెండో ప్రయోగం బరువైనది. మినోసైక్లిన్ ఎన్నో చోట్ల పనిచేసే మందు, దాని మేలు ఎంఎంపీ-9 వల్లనే అని ఒట్టు పెట్టలేం. జన్యువు తీసేసిన ప్రయోగంలో ఆ సందేహానికి చోటు తక్కువ. పిల్లల మీద 2013లో వెలువడిన పరీక్షలో మినోసైక్లిన్‌తో ఓ మోస్తరు మెరుగుదల కనిపించింది. ఎదిగే పిల్లల పళ్లకు రంగు పట్టించే గుణం ఉండటంతో దాన్ని తేలిగ్గా ఇవ్వలేరు. ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఇది చదివితే, వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఈ మందు జోలికి వెళ్లవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

అక్టోబరు

పండుగ సెలవుల్లో చదువు. కోతను ఆపబోయి దెబ్బతిన్న కథలన్నీ ఒక చోట చేర్చుకున్నాను.

అల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ బీటా, పెద్ద ప్రోటీన్ ఏపీపీని రెండు చోట్ల కోస్తే వస్తుంది. మొదటి కోత 1999లో దొరికిన బేస్1ది, రెండోది గామా సెక్రిటేజ్‌ది. ఆ రెండింటినీ ఆపితే జబ్బు ఆగుతుందన్నది ఆశ. గామా సెక్రిటేజ్‌ను అణచే సెమగసెస్టాట్ అనే మందు పరీక్షలు 2010లో ఆపేశారు. రోగుల తెలివి మందు లేనివాళ్లకన్నా దిగజారింది, చర్మ క్యాన్సర్లూ ఎక్కువయ్యాయి. ఆ ఎంజైము నాచ్ అనే ప్రోటీన్‌నూ కోస్తుంది, ఆ కోత లేనిదే శరీరంలో చాలా కణాలకు తమ పని ఏమిటో తెలియదు. బేస్1 మీద పనిచేసే వెరుబెసెస్టాట్ కూడా నిలబడలేదు. బేస్1 లేని చిట్టెలుకల్లో నరాల మీది మైలిన్ తొడుగు పలచగా ఉంటుందని 2006లోనే తెలుసు. న్యూరెగ్యులిన్-1 అనే ప్రోటీన్‌ను కోసి ఆ తొడుగు వేయించేది అదే.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం పక్షవాతం మీద 2006లో వచ్చిన పని. మెదడుకు రక్తం ఆగిన తొలి గంటల్లో ఎంఎంపీలను ఆపితే నష్టం తగ్గుతుందని అంతకుముందే తెలుసు. ఏడో రోజున ఆపి చూస్తే ఎలుకల్లో నష్టం పెరిగింది. ఆ వేళకు అవే ఎంజైములు కొత్త రక్తనాళాలు వేసే పనిలో ఉన్నాయి. వారం తిరగకుండా అదే ఎంజైము, అదే మెదడు, ఎదురు ఫలితం. మేడమ్ ప్రశ్న విలువ నాకు పూర్తిగా తెలిసింది ఇక్కడే. ఏ మందు మోతాదైనా ఆలోచించే ముందు కోత ఏ పొరలో, ఏ రోజున జరుగుతోందో కళ్లారా చూడాలి.

నవంబరు

కళ్లారా చూసే పద్ధతికి మారాం. ఇన్ సైటూ జైమోగ్రఫీ. డీక్యూ జెలటిన్ అనే పదార్థం తెప్పించాం. జెలటిన్‌కు ఫ్లోరెసీన్ రంగును కిక్కిరిసేలా అతికించి ఉంటారు. రంగు అణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి, ఒకదాని వెలుగును మరొకటి మింగేస్తాయి. ఎంజైము దాన్ని తునకలు చేస్తే రంగు విడిపడి ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎస్డీఎస్ లేదు, కాబట్టి తాళం పడి ఉన్న ఎంజైము తాళంతోనే ఉంటుంది, టింప్ పట్టుకున్నది పట్టులోనే ఉంటుంది. వెలిగిందంటే అక్కడ కోత జరిగినట్టే.

మెదడును ఫార్మలిన్‌లో వేయకూడదు, ఎంజైము పని చెడుతుంది. తీసిన వెంటనే గడ్డకట్టించి, క్రయోస్టాట్ అనే చల్లని కోత యంత్రంలో పన్నెండు మైక్రాన్ల మందాన ముక్కలుగా తరుగుతున్నాం. గడ్డకట్టిన పచ్చి కణజాలం పొరలు నలుగుతాయి, అంచులు మసకేస్తాయి. నెన్‌స్కీ సంస్థవాళ్లు ఆల్కహాల్‌తో స్థిరపరిచి ఒక్కొక్క నాడీ సంధి స్థాయిలో ఈ వెలుగును చూశారు. మాకు ప్రస్తుతానికి ఏ పొర అన్నది తేలితే చాలు, అందుకని పచ్చి ముక్కలతోనే వెళ్తున్నాం.

ఏడో రోజు చిన్న మెదడు. సూక్ష్మదర్శిని గదిలో దీపాలు ఆర్పి చూశాం. మడతల అంచు వెంబడి, పై గ్రాన్యూల్ పొర మీద ఆకుపచ్చ పట్టీ. ఆ పొర లోపలి అంచున, అంటే కణాలు విభజన మాని కిందికి దిగడానికి సిద్ధమయ్యే వైపున, వెలుగు మరింత చిక్కగా ఉంది. దాని కింద పొరలో అక్కడక్కడ నిలువు చారలు. పుర్కిన్యే అనే పెద్ద నాడీకణాల వరుస చుట్టూ చుక్కలు చుక్కలుగా ఉంది. ఇరవై ఒకటో రోజు ముక్కలో ఆ పట్టీ లేదు, పై పొరే మిగలలేదు.

వెంటనే పండుగ చేసుకునే ఫలితం కాదిది. జెలటిన్‌ను ఎంఎంపీ-2 కూడా కోస్తుంది, ఇంకొన్ని ఎంజైములూ కోస్తాయి. ఫినాంథ్రొలిన్ వేసిన ముక్కలో వెలుగు దాదాపు పోయింది, అంటే లోహం మీద నడిచే ఎంజైముల పనే. ఎంఎంపీ-2, 9లను మాత్రమే ఎక్కువగా పట్టే ఎస్‌బీ-3సీటీ అనే నిరోధకం వేస్తే చాలా భాగం తగ్గింది, కొంత మిగిలింది. ఆ మిగిలిన వెలుగు ఎవరిదో తేల్చాలి. సెరిన్ రకం ఎంజైముల నిరోధకాన్ని కూడా కలిపి చూస్తే ప్లాస్మిన్ వాటా ఎంతో బయటపడుతుంది. తాళం తీసేది ప్లాస్మిన్ అయితే, దాన్ని ఆపినప్పుడు ఎంఎంపీల వెలుగు కూడా తగ్గాలి. ఆ రెండు ప్రభావాలను విడదీయడమెలాగో మేడమ్‌తో కూర్చుని పథకం వేస్తున్నాను.

డిసెంబరు, మొదటి వారం

పన్నెండో రోజు పిల్లల కోసం సవరించిన దరఖాస్తు నైతిక సంఘానికి పంపాను. వలస చివరి దశకు చేరే రోజులు, జన్యువు లేని చిట్టెలుకల్లో తేడా కనిపించిన రోజు. మా దశల్లో ఏడుకూ పద్నాలుగుకూ మధ్య ఖాళీ ఇక్కడే ఉంది. అనుమతి వచ్చేలోగా, ఉన్న ముక్కల్లో వెలుగు మీద బెర్గ్‌మన్ గ్లియాను ఎరుపులో చూపించే యాంటీబాడీ వేసి చూడాలి. ఆ నిలువు చారలు గ్లియా పోగుల మీదుగానే సాగుతున్నాయా, వాటి పక్కన దిగుతున్న కణాలవా అన్నది అందులో తెలియాలి. గ్లియాను గుర్తించే ఆ జీఎఫ్ఏపీ యాంటీబాడీ ఫ్రిజ్‌లో ఉంది. ఏ పలచన సరిపోతుందో రేపు కుర్రవాడు పరీక్షిస్తాడు, ఎల్లుండి నుంచి అసలు ముక్కలు.